మార్కండిలో ఈ కాలం గుంటలు

నా ఈడు మార్కండి వాళ్ళలో చాలామందికి ఆధార్ కార్డు మీద ఉన్న పుట్టిన తేదీ, బడిలో వేసిన రోజున హెడ్మాస్టరు వేసిన తేదీ. పిల్లాడి ఎత్తు చూసి, పాలపళ్ళు ఊడాయో లేదో చూసి, ఆయన ఒక ఏడు రాసేశాడు. కన్నతల్లిని అడిగితే ఏడు చెప్పదు. "పెద్ద గాలివానకి పాకలెగిరిపోనాయి సూడు, దానికి ముందేడు" అంటుంది. లేదంటే ఫలానా వాళ్ళ పడవ మునిగిన ఏడు, మరిది రంగు బట్టలు తెచ్చిన పండగ అంటుంది. అమెరికాలో ప్యూ రిసెర్చ్ సెంటర్ 2018లో ఒక గీత గీసింది. 1981 నుంచి 1996 దాకా పుట్టినవాళ్ళంతా మిలీనియల్స్ అట. ఆ గీతకు ఇటున్నామో అటున్నామో తేల్చుకోవాలంటే మా వాళ్ళు ఆ హెడ్మాస్టరుగారిని వెతికి పట్టుకోవాలి.

నాది బరంపురం. మార్కండి గోపాల్‌పూర్‌కి దక్షిణాన, ఆంధ్రా సరిహద్దు వైపు సాగే తీరంలో ఉన్న తెలుగు జాలరుల ఊరు. ఒడియావాళ్ళు వాళ్ళని నోలియాలు అంటారు. వాళ్ళు తమని తాము వాడబలిజలమని చెప్పుకుంటారు. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, హార్బర్లలో హిందీ. కాలేజీలో నా పక్క బెంచీలో కూర్చున్న అమ్మాయిది ఆ ఊరు. వాళ్ళమ్మ గంపనెత్తుకుని మా వీధికి చేపలు తెచ్చేది, కాలేజీలో చేరాక గానీ ఆ సంగతి మా ఇద్దరికీ తెలియలేదు. ఆమె ద్వారా ఆమె తమ్ముడూ, బావ అని పిలిచే మేనత్త కొడుకూ నాకు స్నేహితులయ్యారు. ఇప్పుడు అందరం ముప్ఫై దాటాం, కొందరం నలభైకి దగ్గర పడుతున్నాం. వాళ్ళ గురించి మార్కండి పెద్దలు అనే మాట ఒకటే: "ఈ కాలం గుంటలకి ఓపిక నేదు."

ఈ మాట మార్కండిలో మాత్రమే పుట్టింది కాదు. 2013 మే నెలలో టైమ్ పత్రిక ఈ తరం మీద ముఖపత్ర కథనం వేసి, నేను, నేను, నేను అనే తరమని పేరు పెట్టింది. బద్ధకస్తులు, తమని తామే చూసుకుని మురిసేవాళ్ళు, తల్లిదండ్రుల ఇళ్ళు వదలని వాళ్ళు అని. అదే ఏడు అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. ఒడిశా, ఆంధ్ర తీరాల్లో దాదాపు పది లక్షల మందిని ముందే ఖాళీ చేయించారు. 1999 అక్టోబరు 29న పారాదీప్ దగ్గర విరుచుకుపడిన మహా తుపానులో పదివేల మంది దాకా పోతే, ఫైలిన్‌లో ఆ సంఖ్య పదుల్లో ఆగింది. దీనికి వాతావరణ శాఖ హెచ్చరికలనీ, ప్రభుత్వ ఏర్పాట్లనీ అందరూ మెచ్చుకున్నారు. మెచ్చుకోవాల్సిందే. కానీ ఇంటింటికీ వెళ్ళి, పడవ వదిలి రానని మొండికేసిన ముసలాళ్ళని తుపాను షెల్టరుకు మోసుకొచ్చిందెవరు? నా స్నేహితురాలి తాతని మోసింది ఆమె తమ్ముడు. అప్పుడతనికి ఇరవై దాటాయో లేదో. తాత దారి పొడవునా వాడిని తిడుతూనే ఉన్నాడట. పిరికితరం అని.

కార్ల్ మన్‌హైమ్ అనే జర్మన్ సమాజశాస్త్రవేత్త 1928లో తరాల గురించి ఒక పెద్ద వ్యాసం రాశాడు. ఒకే కాలంలో పుట్టినంత మాత్రాన మనుషులు ఒక తరం కారని ఆయన వాదన. ఎదిగే వయసులో ఒకే సమాజంలో ఉండి, ఒకే చరిత్ర దెబ్బ తిన్నవాళ్ళే ఒక తరమవుతారు. మార్కండి తల్లులు ఆయన పేరు వినకుండానే ఆ లెక్కే వేస్తున్నారు. ఆ లెక్కన నా స్నేహితుల తరం ఏదో చెప్పడం కష్టం కాదు. 1999 అక్టోబరు 17న గంజాం మీదికి ఒక తుపాను వచ్చింది. పన్నెండు రోజులకే వచ్చిన మహా తుపాను కింద పడి లోకం దాన్ని మరచిపోయింది, గంజాం మరచిపోలేదు. అప్పుడు వీళ్ళు బడిపిల్లలు. ఫైలిన్ నాటికి సంపాదన మొదలుపెట్టిన వయసు. 2016 నవంబరు 8న పెద్ద నోట్లు రద్దయ్యాయి. చేపల బేరం ఒడ్డు మీద రొక్కంతోనే నడిచేది, ఆ వారాల్లో వలలో పడ్డ చేప కూడా అమ్ముడుపోలేదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను. పెళ్ళిళ్ళు కుదిరే వయసులో 2020 లాక్‌డౌన్ వచ్చి పడింది. ఎదిగే వయసంతా దెబ్బ మీద దెబ్బ తిన్నవాళ్ళకి ఓపిక లేదనడం నాకు అన్యాయంగా తోస్తుంది. ఇంతమాత్రం ఓపిక ఉన్నందుకే వీళ్ళు నిలబడ్డారు.

అన్నిటికంటే ముందు వచ్చే ఫిర్యాదు, ఎవరికి వారే అన్నది. "మా కాలంలో వల లాగాలంటే ఊరంతా దిగీది. ఈల్లేటి, నలుగురు బోటెక్కి ఎలిపోతారు" అంటారు పెద్దలు. నిజమే. వాళ్ళు చెప్పేది పెద్దవల సంగతి, అంటే ఒడ్డు నుంచి వేసి ఒడ్డుకే లాగే వల. పడవ దాన్ని సముద్రంలో అర్ధచంద్రంలా పరిచి వస్తుంది. రెండు కొసలూ ఒడ్డున రెండు జట్లు పట్టుకుంటాయి. పదుల మంది గంటల తరబడి అడుగులో అడుగు వేసి లాగితే గానీ అది రాదు. ముసలివాళ్ళూ ఒక చెయ్యి వేస్తారు, బడి ఎగ్గొట్టిన పిల్లలూ వేస్తారు. చెయ్యి వేసిన ప్రతివాడికీ ఇంత చేప దక్కుతుంది. పాట, తిట్టు, పెళ్ళి మాటలు, తగువులు అన్నీ ఆ తాడు దగ్గరే. ఒడ్డుకి దగ్గర చేప తగ్గాక ఆ వల గిట్టుబాటు కావడం మానేసింది. ఫైబర్ బోటు వచ్చింది, దానికి ఔట్‌బోర్డ్ ఇంజిను వచ్చింది, దూరం వెళ్తే తప్ప చేప లేదు. బోటులో పట్టేది నలుగురైదుగురు. మిగతావాళ్ళు ఒడ్డున మిగిలిపోతారు. ఊరిని విడదీసింది కుర్రాళ్ళ స్వభావం కాదు, వల మారింది. పని తనంతట తానే కలిపి ఉంచిన మనుషుల్ని ఇప్పుడు కలుపుకోవాలంటే ప్రయత్నం కావాలి. ఆ ప్రయత్నం నా స్నేహితులు ఎంత పట్టుదలగా చేస్తారో నాకు తెలుసు. కేరళలో హార్బరు దగ్గర గదిలో ఒకడు, బరంపురంలో మందుల షాపులో ఒకామె, నడిసముద్రంలో సిగ్నలు అందీ అందని చోట ఒకడు. ముగ్గురూ రోజూ ఒకళ్ళ గొంతు ఒకళ్ళు వింటారు. గొంతే వింటారు, ఎందుకంటే ముగ్గురూ చదివింది ఒడియాలో. తెలుగు మాట్లాడతారు గానీ రాయలేరు. తమ్ముడు పంపే వాయిస్ మెసేజీల్లో బోటింజను మోత వెనకాల నుంచి "అప్పా, తిన్నావేటి?" అని అక్కని అడగడం వినిపిస్తుంది. పెద్దలు దాన్ని ఫోను పిచ్చి అంటారు. పెద్దవల తాడు దగ్గర దొరికిన మాటామంతీ వీళ్ళకి దొరికే చోటు అదొక్కటే. ఆ ఫోనులోనే హైదరాబాదులోని ఇంకాయిస్ సంస్థ చేపలు ఎటు దొరకవచ్చో, అలలు ఎంత ఎత్తున లేస్తాయో చెబుతుంది. నీటి రంగు చూసి చేప జాడ చెప్పగల తండ్రీ, ఫోను చూసి చెప్పే కొడుకూ ఒకే బోటులో వెళ్ళిన రోజున వేట బాగుంటుందని బావ నాతో అన్నాడు. ఇద్దరి మాటా పనికొస్తుందని ఒప్పుకోవడానికి ఆ ఇంట్లో చాలా ఏళ్ళు పట్టింది.

పని సంగతి ఇంకొంచెం వివరంగా చెప్పాలి. ఉద్యోగాలు మార్చేస్తారు, ఒక పనిలో నిలవరు అన్నది ఈ తరం మీద ప్రపంచమంతా ఉన్న నింద. బావ బోటు లెక్క చూడండి. వేట నుంచి వచ్చిన డబ్బులో ముందు ఆయిలు ఖర్చు తీస్తారు, ఐసు తీస్తారు. తర్వాత బోటుకొక వాటా, వలకొక వాటా, ఇంజినుకొక వాటా. మిగిలింది ఎక్కినవాళ్ళు పంచుకుంటారు. ఇంజిను కొనడానికి షావుకారు దగ్గర అడ్వాన్సు తీసుకుని ఉంటే చేప ఆయనకే వెయ్యాలి, ధర ఆయన చెప్పిందే. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు తూర్పు తీరమంతా ఇంజిను పడవల వేటకి నిషేధం. ఇవి కాక ధామ్రా, దేవి, రుషికుల్య నదీముఖాల దగ్గర తాబేళ్ళ కోసం నవంబరు నుంచి మే దాకా ఇంజిను వేటకి ఆంక్షలు. తాబేళ్ళు బతకాలి, ఆ విషయంలో నాకు రెండో ఆలోచన లేదు. కానీ గుడ్లు పెట్టే తాబేళ్ళని చూడటానికి దేశమంతటి నుంచీ వచ్చి కెమెరాలతో రాత్రంతా ఇసుకలో కూర్చునే ప్రేమలో పదో వంతైనా, ఆ నెలల్లో ఒడ్డున కూర్చున్న మనుషుల మీద ఉంటే బాగుండేది. ఇన్ని పోగా, అక్టోబరులో తుపాను భయం. ఏడాదిలో నిండుగా వేట సాగే రోజులు ఎన్నో వేళ్ళ మీద లెక్కపెట్టి, మిగతా రోజులకి గోపాల్‌పూర్‌లో తాపీ పనో, బరంపురంలో ఆటో తోలడమో చూసుకునేవాడిని నిలకడ లేనివాడని ఎలా అంటాం? అతనికి ఒకటే పని. సంసారం నడపడం. దానికి దారులు మార్చుకుంటున్నాడంతే.

"మేము సముద్రాన్ని వదల్నేదు, మీరే వదిలి పోతన్నారు" అన్న మాట దగ్గర నేను పెద్దలతో గట్టిగా వాదిస్తాను, గౌరవం తగ్గకుండా. రెండో ప్రపంచ యుద్ధం ముందు దాకా గోపాల్‌పూర్ ఓడరేవు నుంచి స్టీమర్లలో వేల మంది తెలుగువాళ్ళు రంగూను వెళ్ళారు. రేవు పనికి, ధాన్యం మిల్లుల్లో పనికి. గంజాంలో ఏ ముసలమ్మని కదిపినా రంగూను వెళ్ళిన తాత ఒకడు బయటికొస్తాడు. 1942లో జపాను సైన్యం రంగూను చేరినప్పుడు వాళ్ళలో ఎందరో అడవుల మీదుగా కాలినడకన తిరిగొచ్చారు. పూరీలో పెంఠకటా అనే పెద్ద జాలరి పేట ఉంది. అక్కడివాళ్ళ ఇంటి భాష తెలుగే. ఈ గంజాం, ఆంధ్ర తీరాల నుంచే వాళ్ళ పెద్దలు చేప వెంట పడి వెళ్ళి అక్కడ స్థిరపడ్డారు. అండమానులోనూ ఈ తీరపు తెలుగు జాలరులున్నారు. బరంపురంలో పుట్టిన వి.వి. గిరి 1913లో డబ్లిన్‌కి చదువుకోవడానికి ఓడెక్కాడు, 1916లో అక్కడి స్వాతంత్ర్య పోరాటంతో సంబంధముందని ఆయన్ని పంపించేశారు. ఊరు వదిలిన కుర్రాడని ఆయన్ని ఇక్కడెవరూ అనరు, రాష్ట్రపతి అయ్యాడు కనుక. కూలీల పక్షాన నిలిచిన మనిషి, 1954లో బ్యాంకు ఉద్యోగుల జీతాల విషయంలో తన మాట చెల్లలేదని కేంద్ర కార్మిక మంత్రి పదవినే వదులుకున్న మనిషి. ఆ వదులుకోవడాన్నీ ఎవరూ నిలకడలేనితనం అనలేదు.

ఈనాటి వలస పడమటి తీరానికి. గంజాం జిల్లా నుంచి ఒడియా కుర్రాళ్ళు లక్షల్లో సూరత్ పవర్‌లూమ్‌లకి వెళ్తారు. పన్నెండు గంటల షిఫ్టు, ఒక షిఫ్టువాళ్ళు లేచిన చోటే రెండో షిఫ్టువాళ్ళు పడుకునే గదులు. మన జాలరులు కేరళ, గోవా, మంగుళూరు హార్బర్లకి వెళ్తారు. సరిహద్దు అవతల శ్రీకాకుళం వాళ్ళు గుజరాత్‌లోని వెరావల్‌కి వెళ్తారు. 2018 నవంబరులో అలా వెళ్ళినవాళ్ళని పాకిస్తాన్ పట్టుకుని కరాచీ జైల్లో పెట్టింది, 2020 జనవరిలో వాఘా దగ్గర వదిలింది. డి.మత్స్యలేశం చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు. వాళ్ళ కథ 2025 ఫిబ్రవరిలో తండేల్ పేరుతో సినిమాగా వచ్చింది. మార్కండి కుర్రాళ్ళు అది చూశారు. తమ్ముడైతే కేరళలో తనతో పనిచేసే మలయాళీలకి కూడా చూపించాడు. నేనెవరినో వాళ్ళకి తెలియాలి కదా అక్కా అన్నాడు. ఆ మాట నాకు చాలా నచ్చింది. హార్బర్లో తెలుగు మాట్లాడితే ఆంధ్రావాడంటారు, ఆధార్ చూస్తే ఒడిశావాడంటారు. బరంపురంలో నోలియా అంటారు. సినిమాలో తన యాస, తన బోటు, తన వాళ్ళ ఎదురుచూపు కనబడితే వాడు దాన్ని పట్టుకుని నలుగురికీ చూపించడంలో ఎంత దిగులుందో, ఎంత గర్వముందో!

ఇక పెళ్ళి. నా స్నేహితురాలికీ బావకీ మేనరికం. పుట్టినప్పుడే ఊరు అనేసుకుంది. ఇద్దరూ ఒకే గట్టు మీద ఆడుకున్నారు, ఒకే బడికి వెళ్ళారు, ఎంత దగ్గర స్నేహితులయ్యారంటే పెళ్ళి చేసుకోవాలన్న ఊహ ఇద్దరికీ రాలేదు. ఈ మాట పెద్దలకి అర్థం చేయించడం వాళ్ళ వల్ల కాలేదు. బావా మరదళ్ళు పెళ్ళి లేకుండా స్నేహితులుగా ఉండటానికి ఊళ్ళో చోటు లేదు. దానికి తోడు బావ మనసు గోపాల్‌పూర్ వైపున్న ఒక ఒడియా అమ్మాయి మీద ఉంది. ఆమె వాళ్ళదీ చేపల కులమే, భాష వేరు. రెండు ఇళ్ళవాళ్ళూ ఒప్పుకోవడానికి ఏళ్ళు పట్టింది. ఆ ఏళ్ళలో బావని బాధ్యత పట్టనివాడన్నారు. అతను లేచిపోయి ఉండవచ్చు. అది చెయ్యకుండా చెల్లెలి పెళ్ళి అప్పు తీర్చి, ఇంజిను వాయిదాలు కట్టి, రెండిళ్ళ గుమ్మాల్లోనూ తల వంచుకు నిలబడి అడిగాడు. ఆ ఓపిక ఎవరి లెక్కలోకీ రాలేదు. కిందటి తరం మగాళ్ళు పద్దెనిమిదికే పెళ్ళాడారంటే బాధ్యత ఎక్కువై కాదు. కాపురానికి కావలసినవి ఒక తాటాకు పాక, తెప్పలో చోటు, అత్తమామల ఆసరా. అవి ఊళ్ళోనే ఉండేవి.

ఇప్పుడు పాకకి కూడా హామీ లేదు. 2017లో ఆస్ట్రేలియాలో ఒక రియల్ ఎస్టేట్ వ్యాపారి, ఈ తరం వాళ్ళు హోటళ్ళలో అవకాడో రొట్టెలు తినడం మానితే ఇల్లు కొనుక్కోగలరన్నట్టు మాట్లాడాడు. అది ప్రపంచమంతా తిరిగింది. మా తీరంలో మాత్రం ఇల్లు నిలవకపోవడానికి కారణం తిండి కాదు, సముద్రం. రుషికుల్య దగ్గర పొడంపేట అనే జాలరి ఊరుంది. అక్కడ సముద్రం ముందుకు వచ్చి వీధి వెంట వీధిని తీసుకుపోయింది, జనాన్ని వేరేచోటికి తరలించాల్సి వచ్చింది. మార్కండికి దిగువనున్న రామయ్యపట్నంలోనూ ఇళ్ళు అలల్లో కూలాయి. గోడలు నిలువునా తెగి, పసుపు రాసిన గుమ్మం ఒకటి మాత్రం ఇసుకలో మిగిలిన ఇళ్ళని అక్కడ నేను చూశాను. ఆ ఊళ్ళ కుర్రాడిని, సొంతిల్లు ఎందుకు కట్టలేదురా, ఎప్పుడు స్థిరపడతావురా అని అడగడానికి మనకి నోరెలా వస్తుంది? ఏ స్థిరం మీద పడాలి వాడు?

నా స్నేహితురాలికి పెళ్ళి కాలేదు. చేసుకోనని ఆమె ఏనాడూ అనలేదు. ఊళ్ళో సంబంధాలవాళ్ళు, డిగ్రీ చదివింది, గంప ఎత్తదు, మాకు సర్దుకోదు అన్నారు. బరంపురంలో ఉద్యోగస్థుల సంబంధాలవాళ్ళు ఇంటిదాకా వచ్చి, వాకిట్లో ఆరబెట్టిన ఎండుచేపల్ని చూసి మాట మార్చారు. కట్నం అడిగే దగ్గర మాత్రం ఇద్దరిదీ ఒకే మాట. ఒకసారి షాపు మూసే వేళకి వెళ్ళాను. ర్యాక్‌లో మందులు సర్దుతూ అంది: "ఒలే, నాకేటి పెళ్ళంటే ఇష్టం నేకనా? మా అమ్మ గంపెత్తుకుని తెచ్చిన డబ్బుతో నేను చదివినాను. ఆ గంపని సూసి ముక్కు మూసుకునేవోడికి ఎలా తల వంచేది సెప్పు." దీన్ని అహంకారమంటారు, ఈ కాలపు ఆడపిల్లల తలబిరుసు అంటారు. తల్లి మీద గౌరవం అనడానికి ఎందుకు నోరు రాదో నాకు తెలియదు. ఆ తల్లి మాత్రం కూతురి మాట కాదనలేదు. మా అమ్మతో ఒకసారి, "దాని సదువు నా తలకాయ మీద మోసినానమ్మా, దించీటప్పుడు నెమ్మదిగా దించాల" అందట. మార్కండిలో ఈ తరాన్ని అందరికంటే బాగా అర్థం చేసుకున్నది ఆవిడే అనుకుంటాను.

పెద్దల మాటల్లో నిజం లేదని నేననను. ఊరి పెద్దల ముందు పంచాయితీ పెట్టి తగువు తీర్చుకునే రోజుల్లో ఒంటరిగా మథనపడేవాడు తక్కువ. ఇప్పుడు పరాయి రాష్ట్రపు గదిలో ఒక్కడూ తాగి పడుకునేవాడున్నాడు, ఆన్‌లైన్ ఆటల్లో నెల జీతం పోగొట్టుకునేవాడున్నాడు, ఫోను యాపుల్లో అప్పు చేసి పరువు పోతుందని వణికేవాడున్నాడు. ఇవి పాత తరానికి లేని గోతులు. కానీ పాత తరానికి సారా పాకలుండేవి, జూదముండేది, షావుకారుండేవాడు. గొయ్యి పేరు మారిందంతే. పడినవాణ్ణి లేపడానికి చుట్టూ మనుషులున్నారా లేదా అన్నదే తేడా. అందుకే నేను ఈ ముగ్గురి స్నేహాన్ని అంత విలువైనదిగా చూస్తాను. తమ్ముడికి కేరళలో జ్వరమొస్తే ఏ మాత్ర వేసుకోవాలో అక్క చెబుతుంది. వేట నిషేధం రోజుల్లో బావకి తమ్ముడు డబ్బు పంపుతాడు, వేట పడ్డాక బావ తిరిగి ఇస్తాడు. వడ్డీ లేదు, కాగితం లేదు. లాక్‌డౌన్లో కేరళ గదిలో చిక్కుకున్న తమ్ముడిని రోజూ మాటలతో నిలబెట్టింది ఈ ఇద్దరే. రైళ్ళు నడిచి వాడు గంజాం చేరాక, క్వారంటైన్ సెంటరు గేటు బయట నిలబడి వాణ్ణి చూసొచ్చింది కూడా వీళ్ళే. ఏ పథకంలోనూ, ఏ బ్యాంకులోనూ వాళ్ళకి ఇంత ఆసరా దొరకలేదు.

రెండేళ్ళ కిందట బావ తండ్రికి పక్షవాతం వచ్చింది. ఆసుపత్రి ఖర్చు కోసం బీరువాలో కాగితాలు వెతికితే, షావుకారు దగ్గర ఉన్న అప్పు బయటపడింది. ఏళ్ళ నాటిది. వల కోసం చేసింది, వడ్డీతో పెరిగి పెరిగి బోటు విలువని మించింది. ఆ పెద్దాయన కొడుక్కి ఆ మాట ఎప్పుడూ చెప్పలేదు. చెబితే చిన్నతనమనుకున్నాడు. ఇన్నాళ్ళూ తమ చేపకి తక్కువ ధర ఎందుకు పడుతోందో బావకి అప్పుడు అర్థమైంది. వేట బాగా పడినా డబ్బు మిగలకపోవడానికి తన చేతకానితనమే కారణమని అతను తనని తానే తిట్టుకుంటూ వచ్చాడు. తండ్రీ అలాగే అనుకున్నాడు, పైకి అన్నాడు కూడా. కేరళలో ఉన్న తమ్ముడిదీ అదే తీరు. జీతం ఎంతో ఇంట్లో ఎక్కువ చేసి చెబుతాడు. తక్కువని తెలిస్తే అమ్మ బాధపడుతుందని. అమ్మేమో వాడు అంత సంపాదించి ఏం చేస్తున్నాడో అని అనుమానిస్తుంది. మార్కండిలో రెండు తరాల మధ్య ఉన్న దూరం కొలవమంటే నేను భాషల్నీ, ఫోన్లనీ, ప్రేమల్నీ పక్కన పెట్టి ఈ దాచిన లెక్కల్ని కొలుస్తాను. తండ్రి అప్పు దాస్తాడు, కొడుకు జీతం దాస్తాడు. ఇద్దరూ దాచింది ఒకరి మీద ఒకరికున్న ప్రేమతోనే. ఆ దాపరికం మీదే "ఓపిక నేదు", "బాద్యత నేదు" అన్న మాటలన్నీ మొలిచాయి.

బావ ఇంట్లో ఆ కాగితాలు బయటపడ్డాక ఒక రాత్రి అందరూ కూర్చున్నారు. తండ్రికి మాట సరిగ్గా రాదు, చేత్తో సైగ చేసి ఏ ఏడు ఎంత తీసుకున్నాడో చెప్పాడు. బావ భార్య ఒడియాలో నోటు పుస్తకంలో రాసింది. తమ్ముడు వీడియో కాల్‌లో తన అసలు జీతం చెప్పేశాడు. నా స్నేహితురాలు వడ్డీ లెక్క కట్టింది. మర్నాడు బావ, ఊరి పెద్దలిద్దరూ కలిసి షావుకారు దగ్గరికి వెళ్ళి, వడ్డీ కొంత తగ్గించి వాయిదాలు కట్టేట్టు ఒప్పించారు. చేప మాత్రం ఇకమీదట ఎవరికి ధర వస్తే వాళ్ళకే వేస్తామన్నారు. అప్పు ఇంకా తీరలేదు. కానీ ఆ ఇంట్లో ఆ రాత్రి తర్వాత ఈ కాలం, ఆ కాలం అన్న మాట నాకు వినబడలేదు.

మార్కండిలోనే కాదు, బరంపురంలో, ఇచ్ఛాపురంలో, ఎక్కడున్నా సరే, ఇంట్లో ముప్ఫై దాటిన కొడుకో కూతురో ఉన్న పెద్దలకి నాదొక్కటే మనవి. పండక్కి పిల్లలు ఇంటికొస్తే పెళ్ళెప్పుడు, ఇల్లెప్పుడు అని అడగడానికి ముందు మీ అప్పు ఎంతో చెప్పండి. పిల్లలూ, మీ జీతం ఎంతో, అందులో నెలాఖరుకి ఎంత మిగులుతోందో దాచకుండా చెప్పండి. రెండు లెక్కలూ ఒకే కాగితం మీద రాసుకోండి.